చుట్టాలకోనలో మడవని విస్తరి

సూర్యుడు సముద్రంలోంచి సగం పైకి లేచేసరికి గంగులు పడవ తమాలద్వీపం ఒడ్డున ఇసుకను గీసుకుంటూ ఆగింది. పడవలోంచి ముందుగా ఒక పట్టు తలపాగా దిగింది. దాని వెంట మూరెడు గడ్డం దిగింది. ఆ రెంటి మధ్యా ఇరుక్కుని పోలన దిగాడు. తలపాగా అరువుది, గడ్డం మేకది. చూసినవాళ్ళు ఎవరో ముత్యాల బేహారి అనుకోవాలని ఈ వేషం. వేషం తీసేస్తే అతను వజ్రకూట రాజ్యపు కోటలో తరతరాలుగా విందు వడ్డనలు చేసే ఇంట పుట్టినవాడు. వెయ్యిమంది కూర్చున్న బంతిలో ఎవరి విస్తట్లో పప్పు తగ్గిందో దూరంనుంచే పసిగట్టగలడు. కత్తి ఇస్తే మాత్రం గరిటె పట్టినట్టు పడతాడు. ఇలాంటివాడు సాహసయాత్రకి బయల్దేరడమేమిటని మీరు నవ్వొచ్చు. కోటలో సేనాపతులూ నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో ఒక్కడూ ఈ దీవికి పడవెక్కలేదు.

మూడేళ్ళ కిందట రాకుమారి పెళ్ళి విందుకి జాజికాయలు తెమ్మని రాజుగారు పోలన అన్న బయ్యననీ, మరో పదిమందినీ ఈ దీవికి పంపాడు. పెళ్ళయింది, రాకుమారికి బిడ్డ కూడా పుట్టింది. జాజికాయలు రాలేదు, వెళ్ళినవాళ్ళూ రాలేదు. అమ్మా నాన్నా ఒకే వానాకాలంలో పోయాక పోలనకి అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచింది ఆ అన్నే. అన్న బతికుంటే వెంటబెట్టుకుని రావాలి. అంతకుమించి అతనికి రాజ్యాలూ అక్కర్లేదు, రాకుమార్తెలూ అక్కర్లేదు.

"సూడు బాబూ," అన్నాడు గంగులు, తెడ్డు ఇసుకలో గుచ్చి. "ఈ ఏటి గట్టునే పైకెల్తే కోనొస్తాది. సుట్టాలకోన అంటారు. అక్కడ పులి నేదు, పాము నేదు, దొంగ నేడు. మర్యాద సేత్తారు. ఆ మర్యాదకే ఎల్లినోడు ఎవుడూ మల్లీ రానేదు. ఏరు సంద్రంలో కలిసే ఈ మొగలోనే ఉంటాను. పొద్దు గుంకిందా, నానుండను. కోన దాటి ఏటి నీల్లు ఉప్పెక్కేకాడికి వొచ్చేత్తే సాలు, ఆల్లు నిన్నేటీ సెయ్యనేరు."

పోలన తల ఊపి బయల్దేరాడు.

ఏటిలో పరిచిన నాపరాళ్ళు దాటి, రెండు కొండల సందులోంచి వంగి లోపలికి అడుగుపెట్టేసరికి అతని నోరు దానంతటదే తెరుచుకుంది. మూడువైపులా ఆకాశాన్నంటే పచ్చటి కొండలు. ఆ కొండల భుజాలమీంచి జారే ఏడు జలపాతాలు. జలపాతాల తుంపరలో తడుస్తూ సంపెంగలు, లవంగపు చెట్లు, దాల్చిన చెట్లు, మోకాళ్ళదాకా కాయలు వేలాడేసుకున్న పనసలు, పోకచెట్లను చుట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు, మనిషి నిలువెత్తు ఫెర్నులు, గొడుగులంత చేమాకులు. ఎటు చూసినా పచ్చదనం, ఎక్కడ చెయ్యి పెట్టినా తడి. లోకంలో ఉన్న వసంతాలన్నీ తలదాచుకోవడానికి ఇక్కడికే వచ్చాయా అనిపించేంత అందం.

నాలుగడుగులు వేశాక గాని అతనికి తెలియలేదు, అంత అడవిలోనూ ఒక్క పక్షి కూయడం లేదు. జలపాతాలు దూకుతున్నాయి కాని చప్పుడు లేదు. వెనక్కి తిరిగి చూస్తే తను నడిచిన అడుగుల్లో అప్పుడే గడ్డి మొలిచి ఉంది.

"వచ్చావా నాయనా! రా, రా. కాళ్ళు కడుక్కో."

దారి పక్కన ఒక ముసలావిడ నిలబడి ఉంది. పసుపుపచ్చటి ఒళ్ళు, జారుముడిలో ఎర్రటి మందారం, చేతిలో రాగిచెంబు. మొహమంతా నవ్వే. ఆమె వెనక ఎండ పడుతోంది, ముందు మాత్రం నీడ పడలేదు.

"ఏ ఊరు నాయనా మనది?"

"ముత్యాలపాలెం," అన్నాడు పోలన, పడవలో కూర్చుని కల్పించుకున్న ఊరిపేరు.

"ముత్యాలపాలెమా! మా చిన్న మేనమామ తోడల్లుడిది అదే ఊరు. అయితే నువ్వు నాకు అల్లుడివవుతావు. నన్నందరూ మందారత్త అంటారులే."

లేని ఊళ్ళో ఉన్న చుట్టరికం ఎలా దొరికిందో అడిగేలోపే ఆమె అతని కాళ్ళమీద నీళ్ళు పోసేసింది. మూడు మాటల్లో వరస కలిపేసేవాళ్ళని మనం మన ఊళ్ళలోనూ చూస్తాం. అయితే అక్కడ భయం వెయ్యదు.

"భోజనవేళదాకా కోనంతా తిరిగి చూడు. మధ్యాహ్నం భోజనం మన ఇంట్లోనే. ఒరేయ్ అబ్బీ! అల్లుడుగారికి కోన చూపించు."

పనసచెట్టు చాటునుంచి ఒక మనిషి ఇవతలికి వచ్చాడు. ఎడమ ముంజేతిమీద అరచెయ్యంత మచ్చ. చిన్నప్పుడు కాగే నెయ్యి పోలన మీద పడబోతే అడ్డం పెట్టిన చెయ్యి అది. బయ్యనే. చిక్కలేదు, ముసలివాడవలేదు. గోళ్ళు మాత్రం లేత ఆకుపచ్చగా ఉన్నాయి. దగ్గరికి వస్తే తడిమట్టి వాసన వేసింది.

"రండి బాబూ," అన్నాడు బయ్యన తమ్ముణ్ణి చూసి, ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు. "ముందు తోట చూద్దాం. ఎండెక్కితే ఆకులు వాడతాయి."

మందారత్త చూస్తోంది. పోలన పళ్ళు బిగించి అతని వెంట నడిచాడు.

తోటలో చెట్లన్నీ వరసలు తీరి ఉన్నాయి. వాళ్ళు నడుస్తుంటే ఆకులు వాళ్ళవైపు తిరుగుతున్నాయి. గాలి లేదు. ఒక చెట్టు దాటగానే దాని ఆకులు మళ్ళీ మెల్లగా యథాస్థానానికి వెళుతున్నాయి. పోలన ఒక మానుమీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. జ్వరం తగిలిన బిడ్డ నుదురులా వెచ్చగా ఉంది.

"మంచి చెట్టు," అన్నాడు బయ్యన. "నిరుడు నాటింది. కాయ తియ్యగా ఉంటుంది. కోస్తే మాత్రం కాస్త మూలుగుతుంది."

ఆ చెట్టు బెరడులో సగం పూడుకుపోయిన వెండికడియం ఒకటి మెరిసింది. కడియం మీద వజ్రకూటపు ముద్ర. జాజికాయలకి బయల్దేరిన పదకొండుమందికీ రాజుగారు తన చేత్తో తొడిగిన కడియాలు పోలనకి తెలుసు. పక్క చెట్టు చూశాడు, అక్కడా కడియమే. ఆ పక్కదానికీ అంతే. లెక్కపెడితే పది చెట్లు. పదకొండో కడియం తనకి దారి చూపిస్తున్న మనిషి చేతికి ఉంది. దాని అంచులమీదుగా కండ ఉబ్బి, బెరడులా గరుకుదేరుతోంది.

మందారత్త కనుచూపుమేరలో లేదు. ఇక ఆగలేకపోయాడు.

"అన్నా! బయ్యన్నా! నేనురా, పోలన్ని!"

బయ్యన మర్యాదగా నవ్వాడు. "ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు బాబూ. పేరు మాత్రం ఒకటుంది. చూస్తానంటే చూపిస్తాను."

తీసుకువెళ్ళి చూపించింది ఒక మండపం. నూరు స్తంభాలు, స్తంభం స్తంభానికీ తీగలు, తీగల నిండా వేలాడుతున్న అరటి విస్తళ్ళు. తిన్న విస్తళ్ళే, నడిమికి మడిచినవి. ఎన్నేళ్ళవో తెలియదు కాని ఒక్కటీ ఎండలేదు, కుళ్ళలేదు. ఒక్కొక్కదానిమీద గంటంతో గీసిన పేరు ఉంది.

"ఇది మా అత్తమ్మ సిరి," అన్నాడు బయ్యన, కోటలో విందు పదార్థాలు వరసగా చదివినట్టు. "భోజనమయ్యాక చుట్టం విస్తరిని తనవైపు మడుస్తాడు కదా బాబూ, మళ్ళీ ఈ ఇంటికి రావాలి, ఈ చుట్టరికం నిలవాలి అని? ఇక్కడ అలా మడిస్తే చుట్టరికం నిలిచిపోతుంది. ఆ మడత ఉన్నంతకాలం మడిచినవాడు కోన దాటడు. తన వంతు వచ్చేదాకా, ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు, వచ్చేపోయేవాళ్ళకి మర్యాద చేస్తాడు. తర్వాత చెట్టవుతాడు."

"అవతలికి మడిచినవాడు ఒక్కడూ లేడా?"

"అయ్యో, కడుపునిండా పెట్టిన ఇంట్లో చావుకూడు తిన్నట్టు అవతలికి ఎవరు మడుస్తారు బాబూ? పెంపకం ఉన్నవాడెవడూ మడవడు."

కత్తులకీ మంత్రాలకీ లొంగని వాళ్ళుంటారు. అమ్మ నేర్పిన మర్యాదకి లొంగనివాడు ఎవడుంటాడు? ఆ ముసలిది పన్నిన వల అది.

"ఇదిగో, మీరన్న పేరు." బయ్యన ఒక విస్తరి దగ్గర ఆగి చదివాడు. "బయ్యన, వజ్రకూటం, వడ్డనగాడు. ఎవరో గాని పనితెలిసినవాడు బాబూ. ఆ మడత చూడండి, ఈనె పక్కకి వెంట్రుకవాసి జరగలేదు."

తన విస్తరిని తానే మెచ్చుకుంటున్న అన్నని చూస్తే పోలనకి ఏడుపొచ్చింది. తటాలున ఆ విస్తరిమీద చెయ్యివేసి లాగాడు. అది రాయిలా కదల్లేదు. మండపంలోని విస్తళ్ళన్నీ ఒక్కసారి గలగలమన్నాయి, బయట తోటలో చెట్లు నిట్టూర్చాయి.

"చూడ్డానికే బాబూ," అన్నాడు బయ్యన నొచ్చుకుని. "రండి, ఇంకొక్క చోటుంది. అది చూస్తే భోజనవేళవుతుంది."

ఆ చోటు ఏటి ఒడ్డున, కడియాల చెట్ల వరసలో చివర ఉంది. నడుములోతు గొయ్యి, చుట్టూ చక్కగా కట్టిన పాదు, పక్కన చివికిన ఎరువు. తవ్విన మట్టి ఇంకా తడిగా ఉంది.

"ఇది నా పాదు," అన్నాడు బయ్యన. అతని మొహంలో కొత్త ఇల్లు చూపించేవాడి సంబరం ఉంది. "ఇవాళ్టితో నాకు మూడేళ్ళు నిండుతాయి. మీకు చేసే వడ్డనే ఆఖరుది. మీ భోజనం కాగానే సాయంత్రం నన్నిందులో నిలబెడతారు. చోటు బావుంది కదూ? పొద్దుటెండ తగులుతుంది."

"బావుంది," అన్నాడు పోలన.

భోజనం ఇంటి వసారాలో. ఒక్క మనిషికి బంతి. పోలన కూర్చుంటూనే ఒట్టు పెట్టుకున్నాడు, మెతుకు ముట్టేది లేదని. బయ్యన విస్తరి పరిచాడు, కొస ఎడమచేతివైపు వచ్చేలా. నీళ్ళు చిలకరించి తుడిచాడు. పనసపొట్టు కూర, కంద వేపుడు, కొబ్బరి పచ్చడి, మామిడల్లం, ముద్దపప్పు, పొగలు కక్కే అన్నం. ఆ తర్వాత నేతిగిన్నె తెచ్చి, వడ్డించే ముందు గరిటెతో గిన్నె అంచుని రెండుసార్లు టంగు టంగుమని కొట్టాడు.

వాళ్ళింట్లో తాతలనాటి అలవాటది. వేడినెయ్యి వస్తోంది, చెయ్యి వెనక్కి తీసుకోండని చెప్పడం. పేరు మరిచిపోయినా, తమ్ముణ్ణి మరిచిపోయినా, ఆ చెయ్యి తన పని మరిచిపోలేదు. ఎదురుగా అన్న, విస్తట్లో అన్న వడ్డించిన అన్నం. మూడేళ్ళ ఆకలి ఒక్కసారి ముంచుకొచ్చింది. ఒట్టు గట్టున పెట్టి పోలన అన్నంలో చెయ్యి పెట్టేశాడు. వడ్డనవాళ్ళ ఇంట పుట్టినవాడు తప్ప ఇంకెవడూ ఆ తప్పు చేసి ఉండడు.

సగం తిన్నాక తల ఎత్తితే ఎదురుగా పీటమీద మందారత్త ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఇంకొంచెం వేసుకో అల్లుడూ. మొహమాటపడకు. మండపం చూశావుగా, ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నావు కదూ? నీవైపు మడిస్తే నా ఇంటివాడివైపోతావు. అవతలికి మడిస్తే నువ్వు హాయిగా వెళ్ళిపోవచ్చు. అయితే అది చావుకూటి మడత. వడ్డించినవాడికి అక్కడికక్కడే నూరేళ్ళూ నిండుతాయి. ఆ వడ్డించినవాడు నీకేమవుతాడో నాకు తెలియదనుకున్నావా? మేకగడ్డాలు నేను చాలా చూశాను నాయనా."

బయ్యన ఏమీ పట్టనట్టు పులుసు పోస్తున్నాడు.

"మడవకపోతే?" అన్నాడు పోలన.

"మడవకపోతే నేనున్నాను. నువ్వు చెయ్యి కడిగితే భోజనం ముగిసినట్టే. అప్పుడు నీ విస్తరి నేను మడుస్తాను. ఎటు మడవాలో నాకు తెలుసు." ఆమె రాగిచెంబుని ముందుకి జరిపింది. "తిను, తిను. చల్లారిపోతుంది."

పోలన అన్నంవైపు చూశాడు, అన్నవైపు చూశాడు, పచ్చడీ పప్పూ అంటిన తన కుడిచేతివైపు చూశాడు. కత్తి పట్టడం రాని బుర్రకి ఒక్క శాస్త్రం మాత్రం క్షుణ్ణంగా వచ్చు. బంతిలో ఎవడు లేచినా, ఎంతసేపు కూర్చున్నా, చెయ్యి కడిగేదాకా వాడి భోజనం అయినట్టు కాదు. భోజనం అవనంతవరకు వడ్డించేవాడు వాణ్ణి వదిలి వెళ్ళకూడదు.

మెల్లగా లేచాడు.

"పెరుగన్నం ఉంది బాబూ," అన్నాడు బయ్యన కంగారుగా.

"తింటాను. కాస్త అటూ ఇటూ తిరిగొచ్చి తింటాను. మజ్జిగ ముంత పట్టుకుని నా వెంట రా."

మందారత్త నవ్వు మొదటిసారి సగంలో ఆగింది. "విస్తరి ముందునుంచి లేచి తిరుగుతారుటయ్యా? చెయ్యి కడుక్కో!"

"ఇంకా అవలేదత్తా!" అని పోలన వసారా దూకాడు.

వెనక "బాబూ, మజ్జిగ! బాబూ, మజ్జిగ!" అంటూ ముంతా గరిటే పట్టుకుని బయ్యన పరిగెత్తాడు. వడ్డించేవాడి ధర్మం అతన్ని తోస్తోంది. పోలన వేసుకున్న ఎత్తు అదే. తను ఎక్కడికి వెళితే అన్న అక్కడికి రావాలి. ఏటి మొగకి వెళితే మొగకి, పడవ ఎక్కితే పడవలోకి!

ఎంత మాయకైనా ఒక కట్టుబాటు ఉంటుంది. భోజనం మధ్యలో ఉన్న అతిథి ఒంటిమీద చెయ్యి వెయ్యడానికి మందారత్తకి హక్కు లేదు. నీళ్ళు పంపడానికి మాత్రం ఉంది. కోననిండా ఉన్నది నీళ్ళే కదా!

ముందు చెట్లు కదిలాయి. అతను కిందికి దూరగానే పొగడచెట్టు ఒళ్ళు విదిలించుకుంది, ఆకుల్లో దాచిన వాననీరంతా జలజల రాలింది. పోలన చేతిని చంకలో దూర్చి పక్కకి దొర్లాడు. కాలికింద నేలలోంచి ఊట చివ్వున లేచింది. ఎగిరి బండమీదికి దూకితే బండ చెమర్చింది. మబ్బులేని ఆకాశంనుంచి సన్నటి జల్లు మొదలైంది. ఆ జల్లులోనే, చెవిపక్కన నిలబడి చెప్పినట్టు, ఆమె గొంతు వినిపిస్తోంది. "చెయ్యి కడుక్కో నాయనా. ఎంగిలిచెయ్యి ఎండకూడదు నాయనా. అరిష్టం నాయనా." పోలన అమ్మా సరిగ్గా ఆ మాటలే అనేది. ఆ గొంతు మెల్లగా అమ్మ గొంతులా మారింది కూడా. పోలన కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే పరిగెత్తాడు.

దారిపక్క చేమలు కనిపించాయి. చేమాకుమీద నీటిచుక్క నిలవదని తెలియని వంటింటివాడుండడు. ఎడమచేత్తో ఆకులు పెరికి కుడిచేతికి చుట్టాడు, తలపాగా విప్పి పైన బిగించాడు. అంతలో దారి ముందు జలపాతం ఒకటి కొండ భుజంమీంచి పక్కకి జరగడం మొదలుపెట్టింది, తెర లాగినట్టు. అది దారికి పూర్తిగా అడ్డం పడేలోగా, మిగిలిన మూరెడు సందులోంచి అన్న రెక్క పట్టుకుని లాగుతూ దూసుకుపోయాడు. బయ్యన చేతిలో ముంత తొణికి మజ్జిగ ఒలికింది. "అయ్యో, ఒలికిపోయింది," అని అతను నిజంగా బాధపడ్డాడు.

కొండల సందు దాటేసరికి పొద్దు వాలుతోంది. అవతల ఏరు. పొద్దున చీలమండలు తడవని చోట ఇప్పుడు మనిషి మునిగే ఎర్రటి వరద. నాపరాళ్ళ జాడ లేదు. ఏటి చివర, మొగలో, గంగులు పడవ, దాని అంచున నిలబడి రెండు చేతులూ ఊపుతున్న గంగులు.

ఇంకో దారి లేదు. పోలన కుడిచెయ్యి పైకెత్తి ఏట్లోకి దిగాడు. నాలుగడుగులకే కాలికింద రాయి జారింది. నీళ్ళు నడుముని, ఛాతీని, మెడని మింగాయి. మొహం మునిగింది. మేకగడ్డం ఊడి వరదలో కొట్టుకుపోయింది. ఒక్క కుడిచెయ్యి మాత్రం నీటిపైన మిగిలి, అదీ మెల్లగా కిందికి దిగుతోంది.

"అన్నా!" అని అరవబోతే నోట్లోకి నీళ్ళు పోయాయి.

గట్టుమీద బయ్యన ముంత పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతిథి మొహంలోంచి గడ్డం పోయింది. ఆ గడ్డం కింద, తను ముద్దలు పెట్టిన నోరు నీళ్ళు మింగుతోంది. బయ్యన చేతిలోని ముంత జారి పగిలింది.

"పోలిగా!"

ఆ కేకకి కోనలోని చెట్లన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. బయ్యన వరదలోకి దూకాడు. తమ్ముడి కుడి మణికట్టు పట్టుకుని పైకెత్తి, వాణ్ణి భుజాలమీద కూర్చోబెట్టుకుని, తను గడ్డందాకా నీళ్ళలో ఈదుతూ, నడుస్తూ, తడబడుతూ ముందుకి సాగాడు.

"చెయ్యి పైన పెట్టు వెధవా! పైన పెట్టు! ఒంటరిగా ఇక్కడికి రమ్మని నిన్నెవడు చెప్పాడ్రా? అయినా నువ్వు ఎవరిమాట విన్నావు గనక?"

తిట్లు వింటున్న పోలన భుజాలమీద కూర్చుని భోరున ఏడ్చాడు. మూడేళ్ళుగా అంత తియ్యటి మాటలు అతని చెవిన పడలేదు.

పడవ పది బారల దూరంలో ఉండగా బయ్యన ఆగిపోయాడు.

"ఏమైందన్నా? పద!"

"కాళ్ళు కదలడం లేదురా. నీళ్ళు ఉప్పెక్కే చోటిది." బయ్యన గొంతు నెమ్మదిగా ఉంది. "మండపంలో నా విస్తరి ఇంకా మడిచే ఉంది. అది విప్పేదాకా నేను కోన హద్దు దాటలేను."

"అయితే నేనూ రాను. వెనక్కి పోదాం. ఇద్దరం కలిసి విప్పుదాం."

"మన ఇద్దరివల్లా అయ్యే పని కాదు. పొద్దున లాగి చూశావుగా. విప్పే దారి బయట ఎవరికో తెలిసి ఉంటుంది, వెతుకు." బయ్యన వెనక్కి చూశాడు. కొండల సందులో మందారత్త నిలబడి ఉంది, చంకలో చెంబుతో. తొందరేమీ లేనట్టు నిలబడి ఉంది. "పోలిగా, విను. పాదు దగ్గర నేనేం చెప్పానో ఇప్పుడు గుర్తొస్తోంది. నీ భోజనం ముగిస్తేనే నా వడ్డన ముగిసినట్టు. నా వడ్డన ముగిస్తేనే ఆమె నన్ను నాటగలిగేది. నీ విస్తరి వసారాలో అలాగే ఉంటుంది. నేను దానిముందు గరిటె పట్టుకుని నిలబడతాను. ఎన్నాళ్ళైనా నిలబడతాను. మనకి నిలబడటం కొత్తా?"

"అన్నా..."

"నువ్వు చెయ్యి మాత్రం కడక్కు."

గంగులు పడవని తెడ్డుతో దగ్గరికి తోసుకొచ్చాడు. బయ్యన తమ్ముణ్ణి భుజాలమీంచి ఎత్తి పడవలోకి దించాడు. దించాక తడివేళ్ళు లోపల తగలకుండా ఆ కట్టు విప్పి చూశాడు. చేమాకుల లోపల వేళ్ళకి పప్పూ మెతుకులూ ఎండి అంటుకుని ఉన్నాయి. చుక్క తడి తగల్లేదు. మళ్ళీ జాగ్రత్తగా చుట్టి ముడివేసి, ఆ కట్టుని ఒక్క క్షణం తన చెంపకి ఆనించుకున్నాడు. తర్వాత వెనుదిరిగి వరదకి ఎదురు నడిచాడు. ఈసారి వరద అతనికి దారి ఇచ్చింది.

సూర్యుడు కొండల వెనక్కి దిగాడు. కొండల సందు మూసుకుపోయి, అక్కడ అసలు కోన ఉందన్న జాడే లేకుండా పోయింది.

గంగులు తెడ్డు వేస్తూ ఆ చేతివైపు చూశాడు.

"తిండి తిన్న సెయ్యలాగే ఉండిపోనాది బాబూ. కడుక్కో. సముద్రంలో నీల్లకి కరువా?"

పోలన కుడిచేతిని గుండెలకి అదుముకున్నాడు. "ఈ చెయ్యి తడవనంతకాలం మా అన్న మనిషి, గంగులూ. తడిస్తే చెట్టు."

గంగులుకి ఎంత అర్థమైందో తెలియదు. తెడ్డు వెయ్యడం మానేసి నైరుతి దిక్కుకి చూశాడు. అక్కడ నల్లటి మబ్బొకటి లేస్తోంది, పొట్టలో మెరుపులతో. అది ఒక చోట గుండ్రంగా ఉబ్బి, చెంబు మూతిలా వాళ్ళవైపు వంగుతోంది. గంగులు గబగబా తన తలగుడ్డ విప్పి, ఏమీ అడక్కుండా ఆ చేతికి మరో చుట్టు చుట్టాడు.

వజ్రకూటానికి ఇంకా మూడురోజుల ప్రయాణం. పడవకి కప్పు లేదు.